పెడళ్ళు విప్పిన సైకిలు

మా వేంపల్లెలో సైకిలు నేర్వడమంటే మోకాలి చిప్పలు పగలగొట్టుకోవడమే. నేనూ అట్లే నేర్చాను, సీటు అందని వయసులో కడ్డీ కిందుగా కాలు దూర్చి. 1990 ప్రాంతంలో మా అబ్బాయికీ అదే శిక్షణ. గండి దారిలో సీటు పట్టుకొని వెంట పరుగెత్తుతూ, "తొక్కు, తొక్కు" అని గద్దిస్తూ, చెప్పకుండా చేయి వదిలాను. కంకరలో పడ్డాడు. గడ్డానికి మూడు కుట్లు. అంతకంటె పెద్ద గాయం, నలుగురిలో నేను వాణ్ణి పిరికివాడనడం. మళ్ళీ సైకిలు ముట్టలేదు.

మొన్నటి వేసవిలో తన కొడుకును తీసుకొని వచ్చాడు. ఏడేండ్ల మనుమడికి సైకిలు కొని, మొదట పెడళ్ళు విప్పాలన్నాడు. పానా పుచ్చుకున్నాను. కుడిది వచ్చింది, ఎడమది ఎంత తిప్పినా కదలలేదు. సైకిలు షాపతను నవ్వాడు: "అయివారూ, ఎడమదానికి మర తిరగబడి ఉంటాది. మీరు బిగిస్తాండారు." వ్యాకరణంలో అపవాదాలు చెప్పుకొని బ్రతికినవాణ్ణి, ఈ అపవాదం అరవై దాటాక తెలిసింది!

పాపాఘ్ని ఇసుకలో చక్రం సాగదు గనుక బడి మైదానానికి పోయాము. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేటట్లు సీటు దించాము. మొదట నడక, పిదప అంగలు, ఆ పిదప కాళ్ళెత్తి జారడం. ఎటు ఒరిగితే అటే హ్యాండిలు తిప్పాలి. అప్పుడు చక్రాలు ఒరిగిన బరువు కిందికి వచ్చి నిలబెడతాయి. బెదిరినవాడు ఎదురువైపు తిప్పి పడతాడు. మరీ మెల్లగా పోయినా నిలవదు. మూడవనాటికి మనుమడు పది లెక్కపెట్టేదాకా కాలు దించలేదు. పెడళ్ళు బిగించిన పూటే తొక్కాడు.

తరువాత చదివితే, సైకిలు పుట్టిన వరుసే ఇది. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ నడిపిన కొయ్యబండికి పెడళ్ళు లేవు. కాళ్ళతో నేలను తన్నుతూ పోవలసిందే. పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్ళు అమరింది 1860లలో. లోకం నలభై ఏండ్లకు పైగా నేర్చినదాన్ని నేను కొడుకుకు ఒక్క సాయంత్రంలో నేర్పబోయాను.

వాళ్ళు ఊరికి పోయే ముందటి రాత్రి మా అబ్బాయి నా పాత సైకిలు వసారాలోంచి బయటికి తీశాడు.

"నాయనా, ఆ పానా ఎక్కడ?"

ఈసారి ఎడమ పెడలు సరిగానే విప్పాను. మైదానంలో వెన్నెల పలుచగా ఉంది. సీటు వెనుకకు పోయిన చేతిని వెనక్కు తీసుకొని, గోడ దగ్గర నిలుచున్నాను.