చుక్కల అచ్చుకూటంలో

హైదరాబాద్‌లో అంధ విద్యార్థుల పాఠశాల ఒకదానికి అనుబంధంగా నడుస్తున్న బ్రెయిలీ ముద్రణాలయం అది. ముందు గదిలో కంప్యూటర్లు, లోపలి గదిలో ఎంబాసర్. సిరా వాసన లేని అచ్చుకూటం. యంత్రం నడుస్తుంటే పక్కవాళ్ల మాట వినపడదు. మందపాటి కాగితం మీద చుక్కలు ఉబ్బెత్తుగా లేస్తూ, సాంఘికశాస్త్రం పాఠం పుట వెంట పుట మడతలు పడుతూ కిందికి దిగుతోంది.

ఈ చుక్కలు కంప్యూటర్‌లో ఎలా ఉంటాయని ఆపరేటర్‌ను అడిగాను. ‘‘ఇలా రండి సార్, చూపిస్తా’’ అంటూ ఆ అమ్మాయి ‘అమ్మ’ అని టైపు చేసింది. మన లిపిలో అవి నాలుగు సంకేతాలు: అ, మ, పొల్లు, మ. బ్రెయిలీలోనూ నాలుగు సెల్‌లే (ఒక్కో సెల్ ఒక చుక్కల గడి), వరస మాత్రం వేరు. 1951 నుంచి మన దేశంలో వాడుతున్న భారతి బ్రెయిలీలో పొల్లు హల్లుకు ముందు వస్తుంది. అందుకని అ, పొల్లు, మ, మ అవుతుంది. సాఫ్ట్‌వేర్ ఈ మార్పు చేసి ఇచ్చిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఏ, ఎట్ గుర్తు, ఎం, ఎం కనిపించాయి. దీన్ని బ్రెయిలీ ఆస్కీ అంటారు. ఆరు చుక్కలతో ఏర్పడే 64 రూపాలకు కీబోర్డు మీది 64 గుర్తులను కేటాయించిన పాత ఏర్పాటు ఇది. ఎంబాసర్‌కు వెళ్లేది ఇలాంటి ఫైలే.

1999లో వచ్చిన యూనికోడ్ 3.0 బ్రెయిలీకి సొంత చోటు ఇచ్చింది. హెక్సాడెసిమల్ లెక్కలో 2800తో మొదలై మొత్తం 256 స్థానాలు. కంప్యూటర్ బ్రెయిలీలో వాడే ఏడో, ఎనిమిదో చుక్కలను కూడా కలుపుకొని సాధ్యమైన రూపాలన్నీ అందులో ఉన్నాయి. ఒకటో చుక్క విలువ 1, రెండోది 2, మూడోది 4, నాలుగోది 8, ఇలా ఎనిమిదో చుక్కకు 128 దాకా రెట్టింపవుతూ పోతుంది. లేచిన చుక్కల విలువలు కూడి 2800కి కలిపితే సంకేతం వస్తుంది. ‘క’కు లేచేవి 1, 3 చుక్కలు. వాటి విలువలు 1, 4. అంటే 2805.

అయితే యూనికోడ్ ఆ స్థానానికి ‘క’ అని పేరు పెట్టలేదు. ఏ చుక్కలు లేచాయో అంతే చెబుతుంది. అలా వదిలేయడమే సరైన పని. 3, 4, 5 చుక్కలు మనకు ‘ఆ’ అయితే, ఇంగ్లీషు సంక్షిప్త బ్రెయిలీలో ‘ఏఆర్’. ఒకటో చుక్క ఒక్కటే ఉంటే ‘అ’, దానికి ముందు సంఖ్యా గుర్తు పెడితే 1 అంకె. ఏది ఏ అక్షరమో తేల్చేది ఆయా భాషల పట్టిక. ఉచితంగా దొరికే లిబ్‌లూయీ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పట్టిక కూడా ఉంది.

పట్టిక ఎంత బాగున్నా చివరి తనిఖీ వేళ్లదే. కిటికీ పక్కన కూర్చున్న ప్రూఫ్‌రీడర్‌కు చూపు లేదు. రెండు చూపుడు వేళ్లూ వరస వెంట నడుపుతూ ఒకచోట ఆగి, వెనక్కి వచ్చి మళ్లీ తడిమారు. ‘‘అమ్మా, ‘రాష్ట్రం’లో క్రావడి పోయింది, చూడు’’ అన్నారు. ఆపరేటర్ అచ్చుపుస్తకం తీసి చూసింది. అందులో సరిగానే ఉంది. పోయింది ఫైలు మార్చేటప్పుడు. ప్రచురణకర్త పంపిన ఫైలు పాత డీటీపీ ఫాంటులో ఉంది. అందులో కంటికి కనిపించేది తెలుగే అయినా లోపల దాచింది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. వత్తులూ గుణింతాలూ ముక్కలు ముక్కలుగా ఉంటాయి. యూనికోడ్‌కు మార్చేటప్పుడు ఏ ముక్క ఎటు జారుతుందో ఎవరూ చెప్పలేరు. పుస్తకమంతా మళ్లీ తడిమి దిద్దాల్సిందే. ఈలోగా తరగతి గదిలో పాఠాలు ముందుకు పోతుంటాయి.

చూపులేని పాఠకుల కోసం అనుమతి అడగకుండానే పుస్తకాన్ని బ్రెయిలీలోకి మార్చుకునే వీలు 2012 కాపీరైట్ సవరణతో వచ్చింది. ఇలాంటి వీలు కోసమే ఏర్పడిన అంతర్జాతీయ మర్రకేష్ ఒడంబడికను 2014లో అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది భారతదేశమే. చట్టం తలుపు తీసింది, పాత ఫాంటు దాన్ని సగం మూసేస్తోంది. తెలుగు ప్రచురణకర్తలకు నా విన్నపం ఒక్కటే: పుస్తకాన్ని మొదటి నుంచీ యూనికోడ్‌లో కూర్చండి. అచ్చుకు వెళ్లిన రోజే ఆ ఫైలు ఒక బ్రెయిలీ ముద్రణాలయానికీ పంపండి. మీకు అదనపు ఖర్చు లేదు. ఆ పిల్లలకు మాత్రం పుస్తకం బడి తెరిచిన నాటికే చేతికందుతుంది.