ఐక్యమునకు ఓర్పు

దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారును మఱికొందఱు బోధకులును 1919లో తరంగంబాడియందు కూడి, సంఘముల ఐక్యమును కోరిరి. మదరాసులో 1947 సెప్టెంబరు 27న దక్షిణ హిందూదేశ సంఘ మేర్పడెను. 1945లోనే ప్రభువునందు నిద్రించిన అజరయ్యగారు ఆ దినమును చూడలేదు. ఆ 28 సంవత్సరములు వ్యర్థముగా పోలేదు. ఏ సంఘముపైనను అలవాటులేని ఆరాధనక్రమమును మోపమనియు, పూర్వపు బోధకులకు మరల అభిషేకము అక్కఱలేదనియు పెద్దలు మాట యిచ్చిరి. భయము తీరినపిమ్మట జనులు కలిసిరి.

అంబరుపేటలో రెండు పాఠశాలల ఉపాధ్యాయులము ఒక్కటైనప్పుడు ఈ చరిత్రమే నాకు దారి చూపెను. తమ తరగతులును గౌరవమును పోవునని వృద్ధోపాధ్యాయులు కలవరపడిరి. మొదటి సంవత్సరము ఎవరి తరగతియు మార్పబోమని చెప్పి, ఆ మాట నిలుపుకొంటిమి. రెండవయేట వారే మార్పులు సూచించిరి.

విద్యార్థులారా, పదిమందిని నడిపింపవలసిన దినము మీకును వచ్చును. వెనుకబడినవానికొఱకు నిలువ నేర్చుకొనుడు.