మా బావగారి నడుంనొప్పి

నడుంనొప్పి అంత దిక్కులేని జబ్బు మరొకటి లేదు. జ్వరం వస్తే థర్మామీటరు సాక్ష్యం చెబుతుంది. కాలు విరిగితే పిండికట్టు చెబుతుంది. పంటినొప్పికైనా వాచిన బుగ్గ ఒకటుంటుంది. నడుంనొప్పికి ఏముంది? మనిషి తిన్నగానే కనిపిస్తాడు. ఇస్త్రీబట్టలు కట్టుకుని వీధిలోకి వస్తాడు. ఎదురైనవాళ్ళు "కులాసాయేనా?" అంటే "కులాసాయే" నంటాడు. ఇంటికి వెళ్ళాక మంచంపట్టె పట్టుకుని, పళ్ళు బిగించి, అంగుళం అంగుళంగా కూలబడతాడు. అది చూసేది భార్య ఒక్కతే. ఆవిడ సాక్ష్యం ఏ ఆఫీసులోనూ చెల్లదు.

మా తెలుగు పండితులకు నడుముతో పరిచయం లేదనడానికి వీల్లేదు. ప్రబంధకవులు నాయిక నడుము అసలు ఉందా లేదా అని సందేహపడుతూ పద్యాల మీద పద్యాలు చెప్పారు. ఎమ్మే చదివే రోజుల్లో వాటిని వల్లించి నేనూ మార్కులు సంపాదించాను. కాని ఉన్న నడుముకే నొప్పి ఉందని రుజువు చేయవలసిన అవసరం మా ఇంటికి వస్తుందని అప్పట్లో అనుకోలేదు.

మా పెద్దక్కయ్య భర్త ఫిరంగిదళంలో హవల్దారుగా చేసి 2010లో ఇంటికి వచ్చారు. వారిది తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లె. ఆ చుట్టుపక్కల సైన్యమంటే కొత్త కాదు. రెండు ప్రపంచయుద్ధాలకూ మనుషుల్ని పంపి, ఆ పేరే ఇంటిపేరులాగా తగిలించుకున్న 'మిలిటరీ మాధవరం' ఆ దగ్గర్లోనే ఉంది. మా బావ 1986లో పద్ధెనిమిదో ఏట చేరారు. చేరినప్పుడు డాక్టర్లు నఖశిఖపర్యంతం పరీక్షించి, ఏ లోపమూ లేదని రాసుకున్నారు. ఈ మాట జ్ఞాపకం ఉంచుకోండి, ముందుముందు దీనితో పని ఉంది.

1999లో కార్గిల్ యుద్ధం వచ్చేసరికి ఆయన ద్రాస్‌లో ఉన్నారు. అది పదివేల అడుగుల పైచిలుకు ఎత్తు. వారి ఫిరంగి బోఫోర్సు. దానిలో వేసే గుండు ఒక్కొక్కటి సుమారు 43 కిలోలు. ఇప్పుడు బజార్లో అమ్మే పాతిక కిలోల బియ్యంబస్తాలు ఒకటిముప్పావు అన్నమాట. ఆ బరువును రాత్రనక పగలనక ఎత్తడం, అందించడం, మళ్ళీ వంగడం. గాలే సరిగ్గా ఆడని చోట ఆ పని. ఒకనాటి రాత్రి గుండు ఎత్తుతూండగా నడుము కలుక్కుమంది. మాత్రలిచ్చారు, మింగారు, మళ్ళీ ఎత్తారు. అవతల యుద్ధం జరుగుతూంటే ఇవతల నడుం గురించి కాయితం రాయించుకునే తీరిక ఎవరికుంటుంది?

అయిదేళ్ళు గడిచాయి. 2004లో, ఏ యుద్ధమూ లేని ఒక ఊళ్ళో, ఉదయం కసరత్తులో వంగిన మనిషి లేవలేకపోయారు. ఆసుపత్రిలో ఫొటోలు తీసి, నడుంపూసల్లో నాలుగో దానికీ అయిదో దానికీ మధ్యనుండే మెత్త జారిందన్నారు. సైన్యంలో ఆరోగ్యానికి 'షేప్' అని ఒక కొలత ఉంది. మనసు, వినికిడి, కాళ్ళూచేతులూ, శరీరం, చూపు, ఈ అయిదింటికీ ఇంగ్లీషులో ఒక్కొక్క అక్షరం. అన్నీ బాగుంటే 'షేప్ వన్'. ఆ ఏడు మా బావ ఆ పదవి పోగొట్టుకున్నారు.

దిగిపోయేముందు 2010లో వైద్యుల బోర్డు కూర్చుంది. వైకల్యం నూటికి ఇరవై, జీవితాంతం ఉండేదే అని తేల్చింది. కాని దీనికి సైనికసేవతో సంబంధం ఉందా అన్న గడిలో 'లేదు' అని రాసింది. కారణం, జబ్బు శాంతిప్రాంతంలో మొదలైందట! నొప్పి ద్రాస్‌లో పుట్టింది, కాయితం మాత్రం అయిదేళ్ళ తరువాత మరోచోట పుట్టింది. కాయితం జాతకమే చెల్లింది. మామూలు పింఛను వచ్చింది గాని వైకల్యపు పింఛను రాలేదు. ఆరునెలల్లో అప్పీలు చేసుకోవచ్చునని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరాన్ని మా బావ నాలుగు మడతలు పెట్టి ట్రంకుపెట్టెలో అడుగున వేశారు.

తరువాత ఒక బ్యాంకు దగ్గర కాపలా ఉద్యోగం. ఎనిమిది గంటలు నిలబడే పని. 2023 వచ్చేసరికి నొప్పి నడుం దాటి ఎడమకాలికి దిగింది, పాదం మొద్దుబారింది, ఉద్యోగం మానక తప్పలేదు. కొడుకు చదువు ఇంకా రెండేళ్ళుంది. అప్పుడు మా అక్కయ్య ట్రంకుపెట్టె తెరిచి, నాకు ఫోను చేసింది.

"ఏరా తమ్ముడూ, కాలేజీలో అంతమందికి పాఠాలు చెబుతావు, మీ బావగారికో అర్జీ రాసిపెట్టలేవూ?"

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన, పూర్వం సుబేదారు, నన్ను కూర్చోబెట్టి ఓపికగా చెప్పారు. "మాస్టారూ, ఇందులో ప్రశ్నలు రెండు. నొప్పి సేవవల్ల వచ్చిందా అన్నది మొదటిది. ఎంత అన్నది రెండోది. జనం రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేస్తారు. ముందు తలుపు తెరుచుకోందే లోపలి గదుల లెక్క ఎందుకండీ?"

ఆ మొదటి ప్రశ్నలోనూ రెండు పాయలున్నాయి. సేవవల్ల పుట్టిన జబ్బు ఒకటి, సేవవల్ల ముదిరిన జబ్బు మరొకటి. నిప్పు ఎవరు వేశారన్నది ఒక సంగతి, విసనకర్ర ఎవరు పట్టుకున్నారన్నది మరొక సంగతి. రెంటిలో ఏది రుజువైనా, వైకల్యం ఇరవై శాతానికి తగ్గకపోతే చాలు. ఇక్కడే చేరేనాటి పరీక్ష పనికివస్తుంది. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఒక సంగతి స్పష్టం చేసింది. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాసి లేకపోతే ఆ మనిషి ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. తరువాత చెడితే అది సేవవల్లనే అని భావించాలి. కాదనేవారు కారణం చూపాలి. సందేహం ఉంటే దాని లాభం సిపాయికి చెందాలి.

శాతాల లెక్క ఇంకొక విడ్డూరం. యాభైకి లోపు వైకల్యాన్ని యాభైగా, యాభై నుంచి డెబ్బైఅయిదు దాకా ఉన్నదాన్ని డెబ్బైఅయిదుగా, ఆపైదాన్ని నూరుగా పరిగణించే పద్ధతి ఒకటుంది. అది జబ్బుతో మధ్యలో పంపివేయబడినవారికే కాదు, గడువు పూర్తిచేసి దిగినవారికీ వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంచేత మా బావగారి ఇరవై యాభై అవుతుంది. నూరుశాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం గనుక, యాభైకి 15 శాతం. ఎవరినీ జమీందారును చేసే మొత్తం కాదు. అయినా ఒక కుర్రవాడి చదువు ఒడ్డెక్కుతుంది.

పెద్దాయన చివర్న ఒక మాట చెప్పి నా గుండెల్లో రాయి వేశారు. దిగిన పదిహేనేళ్ళ తరువాత దావా వేస్తే, అప్పటికి గడువు తీరి సేవాపత్రాలు నాశనం చేసి ఉంటారు గనుక, రుజువు చేసే భారం సిపాయి మీదనే పడుతుందట. మేము మాట్లాడుకుంటున్నది 2024 వేసవిలో. ఇక మిగిలింది ఒక్క ఏడాది.

సమాచారహక్కు చట్టం కింద బోర్డు కాయితాల నకళ్ళు తెప్పించాము. ఇక అర్జీ రాయాలి. మా బావను ఎదురుగా కూర్చోబెట్టి, "చెప్పండి బావా, ఎలా ఉంటుంది?" అన్నాను.

"ఉంటుందోయ్, నొప్పి."

అంతే! ఆపైన మాట లేదు. అయిదు వాక్యాలైనా కావాలి గదా అని నాకు చేతనైన విద్య బయటికి తీశాను. "నొప్పి అని ఊరుకుంటే ఎలా? పోటా, సలుపా, తీపా? పీకుతుందా, గుంజుతుందా? మంటా, తిమ్మిరా?" అని ఒక్కొక్కటే అడిగాను. మా బావ కాసేపు ఆలోచించి, మందుగుండు లెక్క చెప్పినంత శ్రద్ధగా చెప్పారు. "కూర్చుంటే సలుపు. లేచేటప్పుడు పోటు. నాలుగడుగులు వేస్తే కాల్లోకి గుంజుతుంది. తెల్లవారుజామున పాదం నాది కాదు." మన భాషలో బాధకు ఇన్ని పేర్లు ఎందుకున్నాయో నాకు ఆ పూట తెలిసింది.

"చేయలేని పనులు?"

"కింద కూర్చుని భోంచేయలేను. బిందె ఎత్తలేను. గుళ్ళో ప్రదక్షిణం పూర్తిచేయలేను."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా అక్కయ్య చేతిలోని గరిటె ఆగిపోయింది. "మిలిటరీవాళ్ళకి బల్లమీద తినడమే అలవాటన్నారు! గుడి బయట నిలబడితే దేవుడంటే నమ్మకం తగ్గిందనుకున్నాను," అంది.

మా బావ గోడమీది క్యాలెండరు కేసి చూస్తూ అన్నారు. "ద్రాస్‌నుంచి తిరిగిరానివాళ్ళున్నారు. వాళ్ళతో కలిసి ఒక్క పళ్ళెంలో తిన్నాను. బతికివచ్చి నడుంనొప్పికి డబ్బులడగనా?"

పద్నాలుగేళ్ళు ఆ ఉత్తరం ట్రంకుపెట్టెలో ఎందుకు పడివుందో అప్పుడు తెలిసింది. నాకు జవాబు తోచలేదు. మా అక్కయ్యకు తోచింది.

"వాళ్ళ ఇళ్ళకి వచ్చే పింఛను దానమంటారా మీరు?"

"ఛ! అదేం మాట?"

"మరి మీ నడుముకిచ్చేది మాత్రం దానం ఎలా అవుతుందండీ? పోయినవాళ్ళది వాళ్ళకి, మిగిలినవాళ్ళది మిగిలినవాళ్ళకి."

మా బావ చాలాసేపు ఊరుకున్నారు. తరువాత జేబులోంచి కళ్ళజోడు తీసి, అర్జీ మొదటినుంచి చివరిదాకా చదివి, 'భరించరాని' అని నేను వేసిన విశేషణం ఒకటి కొట్టేశారు. "భరిస్తున్నాను గదా," అన్నారు. సంతకం చేశారు.

అప్పీలు రిజిస్టరు పోస్టులో వెళ్ళింది. అందినట్టు రసీదు వచ్చింది. మంజూరైతే ఉత్తర్వు ప్రయాగనుంచి రావాలి, సైన్యపు పింఛన్ల ప్రధాన కార్యాలయం అక్కడ ఉంది. ప్రయాగ వెళ్ళినవాళ్ళు ఆలస్యంగానైనా గంగతో తిరిగివస్తారని మా అక్కయ్య నమ్మకం. కాదంటే రెండో అప్పీలు ఉంది, ఆపైన 2007 చట్టంతో ఏర్పడ్డ సాయుధదళాల ట్రిబ్యునలు ఉంది. ఆలస్యం అయిందని తలుపు మూయరు గాని, పాతబాకీ మాత్రం కోర్టుకెక్కడానికి ముందు మూడేళ్ళదే ఇస్తారని తర్సేమ్ సింగ్ కేసులో 2008లోనే తీర్పు ఉంది. ఊరుకున్న సంవత్సరాలు ఊరికే పోయినట్టే.

మీ ఇళ్ళలోనో, ఇరుగుపొరుగులోనో ఇటువంటి బావలూ బాబాయిలూ ఉంటే వారి ట్రంకుపెట్టె ఒకసారి తెరిపించండి. పదిహేనేళ్ళు నిండకముందే తెరిపించండి. ఇదివరకే శాతం మంజూరై, జబ్బు ఇప్పుడు ముదిరినవారైతే మళ్ళీ పరీక్షించమని తామే కోరవచ్చును. శాశ్వతమని తేల్చిన వైకల్యాన్ని సర్కారు తనంతట తాను తిరగదోడదనీ, సిపాయి కోరితేనే మళ్ళీ చూస్తారనీ 2001 ఫిబ్రవరి ఉత్తర్వులో ఉంది. 2023 సెప్టెంబరు 21 తరువాత దిగినవారికి నియమాలు వేరు, వారు వాటిని విడిగా కనుక్కోవాలి. అన్నిటికంటె ముందు, వారిని కూర్చోబెట్టి, ఎలా ఉంటుందో అడగండి. తమంతట తాము చెప్పరు.

మొన్న సంక్రాంతికి మా అక్కయ్య ఇంటికి వెళ్ళాము. పండగపూట ఎప్పుడూ కింద వరసగా విస్తళ్ళు వేసే మనిషి, ఈసారి పెద్దవాళ్ళకీ పిల్లలకీ అందరికీ బల్లమీదనే వడ్డించింది. ఎందుకని ఎవరూ అడగలేదు. మా బావ రెండోసారి అరిసెలు వేయించుకున్నారు.