గూని చేప

పోయిన సెప్టెంబర్లో ఓ శనివారం మా అమ్మాయిని తీసుకుని రిచ్‌మండ్ నుంచి హాంప్టన్ వెళ్ళాను, చేపలు పడదామని. నా ప్రావీణ్యం గురించి చెప్పుకోవడానికేం లేదు లెండి. బాపట్లలో పుట్టి కూడా చేపని బజార్లో కొనడమే కానీ పట్టిన పాపాన పోలేదు. అయినా ఆ రోజు చీసపీక్ అఖాతంలో క్రోకర్లు వరసగా పడ్డాయి. నీళ్ళలోంచి తీయగానే కప్పల్లా బెకబెకమంటాయివి. ఆ చప్పుడు నోటిది కాదు, లోపలి గాలితిత్తి మీద కండరాలు కొట్టుకునే చప్పుడట.

నాలుగోదో ఐదోదో పొట్టిగా, వీపు మీద గూనితో ఉంది. తల పెద్ద చేపది, ఒళ్ళు చిన్న చేపది. తోక దగ్గర వెన్ను పక్కకి తిరిగిపోయింది. మా అమ్మాయి ఒక్క చూపు చూసి, "నాన్నా, దీనిక్కూడా స్కోలియోసిస్సా?" అంది.

దానికి పన్నెండేళ్ళు. ఆ వేసవిలో ఎక్స్‌రే తీస్తే వెన్ను 28 డిగ్రీలు వంగిందని తేలింది. అప్పట్నుంచీ నిద్రలో కూడా ప్లాస్టిక్ బ్రేసే. ఎందుకొచ్చిందని అడిగితే, చాలామంది పిల్లల్లో కారణం తెలియదన్నాడు డాక్టరు. సర్వరు పడిపోయినప్పుడల్లా రూట్ కాజ్ రాసి పంపడం నా ఉద్యోగం. "కారణం తెలియదు" అని పంపితే ఏ క్లయింటు ఊరుకుంటాడు?

మా అమ్మ దగ్గర మాత్రం కారణం రెడీగా ఉంది. కోడలు కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం వేళ కత్తి ముట్టుకుంది. గ్రహణం పట్టింది ఇండియాలో, మా ఆవిడ ఉన్నది వర్జీనియాలో, అయినా సరే. ఆ మాట స్పీకర్ ఫోన్లో విన్నాక మా ఆవిడ అత్తగారికి ఫోన్ చెయ్యడం మానేసింది.

చేప విషయంలో నాకు నిందితుడు వెంటనే దొరికాడు. మా ఊరి మీదుగా పారే జేమ్స్ నది హాంప్టన్ దగ్గరే అఖాతంలో కలుస్తుంది. ఆ నది ఒడ్డున హోప్‌వెల్ అనే ఊళ్ళో చీమల్నీ బొద్దింకల్నీ చంపే కీపోన్ మందు తయారుచేసేవాళ్ళు. అక్కడి పనివాళ్ళకి చేతులు వణకడం మొదలయ్యాక 1975లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. నదిలో చేపల వేట నిషేధించారు. అది పూర్తిగా ఎత్తేసేసరికి 1988. ఫ్లోరిడాలోని గల్ఫ్ బ్రీజ్ ప్రయోగశాలలో కీపోన్ కలిపిన నీళ్ళలో చిన్న చేపల్ని ఉంచితే వాటి వెన్ను వంకర్లు పోయింది. ఆ సంగతి 1977లో సైన్స్ పత్రికలో వచ్చింది. క్రోకర్ సముద్రంలో గుడ్లు పెడితే, పిల్లలు వచ్చి పెరిగేది ఇలాంటి నదుల్లోనే. ఇంకేం కావాలి? కేసు క్లోజ్ అనుకున్నాను.

రాత్రి ఇంటికొచ్చి చదువుతుంటే కేసు నీరుగారిపోయింది. గుడ్డులో ఉండగా నీళ్ళు మరీ వేడెక్కినా, ఆక్సిజన్ తగ్గినా, తిండిలో లోపమున్నా, పరాన్నజీవి సోకినా, చిన్నప్పుడు దెబ్బ తగిలినా, పుట్టుకతో జన్యువుల్లో తేడా ఉన్నా వెన్నుపూసలు అతుక్కుపోవచ్చు, వంగిపోవచ్చు. పెరిగిన చేపని పట్టుకుని, ఉత్త ఎముక చూసి ఇందులో ఫలానాది అని తేల్చడం కష్టం. ఇంకో సంగతి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ఇలాంటి చేపలు పెంపకం చెరువుల్లో ఎక్కువ, సముద్రంలో అరుదు. సముద్రంలో పుట్టనివి కావు, పెరగనివి. సరిగ్గా ఈదలేని పిల్లని ఎవరో ఒకరు మింగేస్తారు. మా గాలానికి చిక్కింది అవన్నీ తప్పించుకున్న చేప. పైగా పొట్ట నిండుగా ఉంది కూడా.

దాన్ని వండలేదు. మా అమ్మాయి అక్కడే గాలం తీయించి, పియర్ మీద నుంచి విసరొద్దని గట్టిగా చెప్పి, ఒడ్డుదాకా బకెట్లో మోయించింది. మోకాలి లోతు నీళ్ళలో వదిలితే ఓ క్షణం పక్కకి ఒరిగి, వంకరగానే, గబుక్కున వెళ్ళిపోయింది.

ఆదివారం అమ్మకి ఇదంతా చెప్పి, "దాని తల్లి ఏ గ్రహణం చూసిందంటావ్?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పట్టా కట్టుకుని పిల్ల అన్నం తినగలుగుతోందా?" అని అడిగింది. ఇంకాసేపటికి, "ఫోను దానికివ్వరా" అంది.

ఎవరికని నేనడగలేదు. తీసుకెళ్ళి మా ఆవిడ చేతిలో పెట్టి, గరాజ్‌లోకి వెళ్ళి బకెట్ కడుక్కున్నాను.