అద్దం అవతలి గది

నా మేనకోడలు గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివి, అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ గట్టెక్కి, ఆరేళ్లుగా న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి వార్డులో పనిచేస్తోంది. ఇప్పుడు సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకి అప్లై చేస్తానంటోంది. చేరాలనుకునేవాళ్లని ఒక శనివారం వచ్చి చూసిపొమ్మని ఆ కాలేజీవాళ్లు పిలిచారు. "ఇంట్లో ఒక్కడివీ ఏం చేస్తావు, రా మావయ్యా" అని నన్నూ కారెక్కించింది.

నర్సు చదువు గదా, మంచాలూ సూదులూ ఉంటాయనుకున్నాను. తీసుకెళ్లి చూపించిన గదిలో ఉన్నవి రెండు కుర్చీలు, చిన్న బల్ల, దానిమీద టిష్యూల డబ్బా. మేం అద్దం వెనక నిలబడ్డాం; లోపలివాళ్లకి మేం కనిపించం. పేషెంటు వేషంలో ఒక నటుడు, ఎదురుగా రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి. నిద్ర ఎలా ఉంది, తిండి సయిస్తోందా, తాగుడు అలవాటుందా అని ఒక్కొక్కటే అడుగుతూ, అదే గొంతుతో "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగేసింది. నేను ఉలిక్కిపడ్డాను. మన ఇళ్లలో ఎవరైనా ఆ మాటెత్తితే "ఛ, అవేం మాటలు" అని నోరు మూయిస్తాం. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదనీ, అడక్కపోతేనే ప్రమాదమనీ పక్కనున్న టీచరు చెప్పారు.

అతను జవాబివ్వలేదు. ఆ అమ్మాయీ పెదవి కదపలేదు. గోడ గడియారం చూశాను, నలభై సెకన్లు. పెళ్లిచూపుల్లో కూడా అంత మౌనం నేనెరగను. అప్పుడు అతను టిష్యూ ఒకటి లాక్కుని చెప్పడం మొదలుపెట్టాడు.

ఈ చదువుకి పునాది పడింది న్యూజెర్సీలోనే. నర్సుకీ రోగికీ మధ్య కుదిరే సంబంధం కూడా వైద్యమేనని 1952లో పుస్తకం రాసిన హిల్డెగార్డ్ పెప్లౌ, 1954లో ఇక్కడి రట్గర్స్ యూనివర్సిటీలో సైకియాట్రిక్ నర్సింగ్ పీజీ కోర్సు పెట్టింది. ఇవాళ నర్స్ ప్రాక్టీషనర్లు జబ్బు తేలుస్తారు, మందులూ రాస్తారు; కొన్ని రాష్ట్రాల్లో సొంతంగా, కొన్నింట డాక్టరుతో ఒప్పందం మీద.

అప్లికేషన్‌కి కావలసినవి తెలిసినవే: ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు, మార్కుల పత్రాలు, సిఫారసు ఉత్తరాలు. తంటా అంతా 'ఎందుకు చేరాలనుకుంటున్నావు' అనే వ్యాసంతోనే. తిరుగుదారిలో మా అమ్మాయి తను రాసింది చదివి వినిపించింది. "చిన్నప్పటి నుంచీ సేవ చేయాలని..." కొట్టెయ్యమన్నాను. ఎవరైనా రాస్తారది.

కాసేపు ఊరుకుని, ఒక నైట్ డ్యూటీ సంగతి చెప్పింది. కొడుకు దగ్గరికొచ్చిన తెలుగు పెద్దావిడ. ఫోన్లో దుబాసీ ఏమడిగినా "గుండె దడ" అనడమే. పరీక్షల్లో ఏమీ తేలలేదు. "తెల్లవారుజామున మంచం పక్కన కూర్చుంటే, 'మా ఆయన పోయి ఆర్నెల్లయిందమ్మా, మనసు బాగోలేదు' అంది మావయ్యా."

"అదే రాయి" అన్నాను.

సీటొచ్చినా ఇంకో గండం ఉంది. కొత్త ప్రమాణాల ప్రకారం కనీసం 750 గంటలు క్లినికల్ పని చేయాలి. దగ్గరుండి చేయించే ప్రిసెప్టర్‌ని చాలాచోట్ల విద్యార్థులే వెతుక్కోవాలి. న్యూజెర్సీలో ఈ పనిలో ఉన్న తెలుగువాళ్లెవరైనా ఇది చదువుతుంటే పత్రికకి ఒక ముక్క రాయండి. మా అమ్మాయికి మీతో పనుంది.