రాజు తప్పు రాసిన కలం

చరిత్ర చదువుకునే మాబోటివాళ్లకు రాజులంటే బిరుదులే. ఏ శాసనం తీసినా రాజుగారు శత్రువులను చీల్చి చెండాడినవారే, దానంలో కర్ణుణ్ణి మించినవారే. తాను చేయించిన ఘోరానికి బాధపడి ఆ మాట రాతి మీద చెక్కించిన రాజు ఎవరయ్యా అంటే, నాకు వెంటనే తోచేది కళింగ యుద్ధం తరువాతి అశోకుడొక్కడే. అందుకే బైబిలు పాత నిబంధనలోని హెబ్రీ రాజుల కథలను చరిత్ర విద్యార్థిగా మళ్లీ చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. అక్కడ రాజు తప్పు చెప్పేది రాజు కాదు, ఇంకొకడు!

అసలు ఆ రాజ్యం పుట్టుకే అనుమానంతో మొదలవుతుంది. మాకూ రాజు కావాలని ప్రజలు అడిగితే సమూయేలు ప్రవక్త సంతోషించలేదు. రాజు వస్తే మీ కొడుకులను రథాల వెంట తిప్పుకుంటాడు, కూతుళ్లను వంటకు పెట్టుకుంటాడు, పొలాలూ తోటలూ లాక్కుంటాడని ముందే హెచ్చరించాడు. జనం వింటేనా!

దావీదు అనగానే గొల్యాతును ఒడిసెల రాయితో కొట్టిన కుర్రవాడే అందరికీ గుర్తొస్తాడు. పిల్లలకు కథ అక్కడే ఆపేస్తారు. కాని సమూయేలు రెండవ గ్రంథం ఆపదు. సైన్యం యుద్ధంలో ఉండగా ఇంటిపట్టున ఉన్న రాజు, తన సైనికుడైన ఊరియా భార్యను తెప్పించుకుంటాడు. తరువాత ఊరియాను పోరు ముమ్మరంగా ఉన్నచోట నిలబెట్టమని సేనాపతికి ఉత్తరం రాస్తాడు. ఆ ఉత్తరం మోసుకెళ్లింది ఎవరనుకున్నారు? ఊరియానే! అప్పుడు నాతాను ప్రవక్త వచ్చి, పేదవాని ఒకే ఒక్క గొర్రెపిల్లను కాజేసిన ధనవంతుడి కథ చెబుతాడు. రాజు మండిపడతాడు. ఆ ధనవంతుడివి నువ్వేనంటాడు నాతాను. విచిత్రమేమంటే నాతాను తల తెగలేదు, రాజే తల వంచాడు.

తరువాతి కాలంలో రాసిన దినవృత్తాంతముల గ్రంథంలో అదే యుద్ధం ఉంది గాని, ఈ భాగోతం లేదు. దావీదు మీద గౌరవంతో వదిలేశారు కాబోలు. అయినా పాత పుస్తకాన్ని ఎవరూ చింపెయ్యలేదు. రెండూ ఒకే అట్ట మధ్య ఉన్నాయి.

అలాగని ఆ కలానికి పక్షపాతం లేదనను. ఒమ్రీ అనే రాజు కొండ కొని షోమ్రోను పట్టణం కట్టించాడు. రాజుల గ్రంథం ఆయన పాలనకిచ్చిన చోటు ఆరు వచనాలు! అష్షూరువాళ్లు మాత్రం ఆ వంశం పోయిన తరువాత కూడా ఆ దేశాన్ని ఒమ్రీ పేరుతోనే పిలిచారు. ఆ వంశాన్ని తుడిచిపెట్టిన యెహూను సైతం ఒమ్రీ కొడుకని చెక్కారు. ఒమ్రీ కొడుకు అహాబు క్రీ.పూ. 853లో కర్కరు యుద్ధానికి 2,000 రథాలు తెచ్చాడని అష్షూరు శాసనం చెబుతుంది. రాజుల గ్రంథంలో ఆ యుద్ధం ఊసే లేదు. నాబోతు అనే రైతు ద్రాక్షతోట కోసం అతణ్ణి దొంగసాక్ష్యంతో చంపించిన వైనం మాత్రం ఒక అధ్యాయం నిండా ఉంది.

ఇదంతా ఇంట్లో చెబితే మా నాయనమ్మ అడిగింది: "అయితే రాతి మీద ఉన్నదల్లా నిజమూ, పుస్తకంలో ఉన్నదల్లా అబద్ధమూనట్రా?"

ఆమె ప్రశ్నలో న్యాయం ఉంది. 1868లో దీబోనులో దొరికిన మోయాబు రాజు మేషా శిలాశాసనం ఒమ్రీ బలాన్ని ఒప్పుకుంటూనే, ఇశ్రాయేలు శాశ్వతంగా నశించిందని కోతలు కోసింది. ఇశ్రాయేలు రాజ్యం ఆ తరువాత కూడా వందేళ్లకు పైగా నిలిచింది. రాయి కూడా బొంకుతుంది మరి! రథాల లెక్క కావాలంటే రాతినే అడగాలి, నాబోతు సంగతి మాత్రం ఏ రాయీ చెప్పదు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడమే చరిత్ర విద్యార్థి పని అని నాకనిపిస్తుంది.

మిత్రులారా, రేపు మనలో కొందరు పదవుల్లో కూర్చుంటారు. దండలు వేసేవాళ్లకు కొదవ ఉండదు. నాతాను లాంటివాడు ఒక్కడు గుమ్మంలోకి వస్తే, బంట్రోతును పిలవకుండా కుర్చీ చూపించగలమా? అదీ అసలు పరీక్ష.