భోగి రోజు హైదరాబాద్‌లో ఎవరున్నారు?

నా ఉద్యోగం ఏంటని చుట్టాలు అడిగితే మా అమ్మ ‘కంప్యూటర్లకు వాచ్‌మన్’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. మొదట్లో కాస్త చిన్నతనంగా అనిపించేది. ఆలోచిస్తే అంతకన్నా బాగా నేనూ చెప్పలేను. హైటెక్ సిటీలో ఓ కంపెనీ సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో నైట్ షిఫ్ట్ నాది. వేల మంది ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లు, మెయిళ్లు, సర్వర్లలో ఎక్కడ తేడా కనిపించినా స్క్రీన్ మీద అలర్ట్ వస్తుంది. వచ్చింది దొంగా, లేక గాలికి తలుపు కొట్టుకుందా? అది తేల్చడమే పని. తెల్లారాక మెట్రో ఎక్కి తార్నాకలో దిగుతా. చదివింది పక్కనే ఉస్మానియాలో. చదువైపోయి నాలుగేళ్లయినా రూం మాత్రం మార్చలేదు.

నేను చేరిన కొత్తలో షిఫ్ట్‌కి వందల్లో అలర్టులు వచ్చేవి. చాలావరకు ఉత్తవే. పాస్‌వర్డ్ మర్చిపోయి నాలుగుసార్లు కొట్టినవాళ్లు, కొత్త ఫోన్ కొన్నవాళ్లు, ఏదో అప్‌డేట్. ఒక్కోదానికి పది, పదిహేను నిమిషాలు. తెల్లవారుజాముకి కళ్లు మండిపోయేవి. ఇప్పుడా మొదటి వడపోత ఏఐ చేస్తోంది. ఆ ఉద్యోగి మామూలుగా ఏ టైంలో లాగిన్ అవుతాడు, ఏ ఫైళ్లు తెరుస్తాడు, ఆ మెయిల్ ఇంకెంతమందికి వచ్చింది... అన్నీ వెతికి నాలుగు లైన్లలో రాసి, ‘రిస్క్ ఎక్కువ’, ‘రిస్క్ తక్కువ’ అని మార్కు వేసి ఇస్తుంది. మా దాకా వచ్చేవి పదుల్లోకి దిగాయి. అబద్ధం ఎందుకు, ప్రాణం హాయిగా ఉంది.

తీగ పోయింది, చౌకీ మిగిలింది

మా తార్నాక పేరు వెనక ఓ కథ చెబుతారు. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. నిజాం కాలంలో ఇక్కడో మామిడితోట ఉండేదట. దాని చుట్టూ ముళ్లతీగ, పక్కనే చౌకీ. అలా ఆ పేరొచ్చిందంటారు. కంపెనీల సెక్యూరిటీ కూడా చాలాకాలం ఇలాగే నడిచింది. ఫైర్‌వాల్ అనే తీగ లోపలున్నవాడు మనోడు, బయటున్నవాడు పరాయివాడు.

ఇప్పుడు కంపెనీలు ఆ తోటలా లేవు. మా ఓయూ క్యాంపస్‌లా ఉన్నాయి. ఎన్నో గేట్లు. పొద్దున వాకర్లు, తర్వాత స్టూడెంట్లు, లోపల్నుంచే వెళ్లే సిటీ బస్సులు, సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటోలు దిగేవాళ్లు. ఇంతమందిలో దొంగని పట్టాలంటే కంచె చాలదు. ఎవరు ఎలా మసలుతారో తెలిసిన కళ్లు కావాలి. సెక్యూరిటీలో ఏఐ చేసేది సరిగ్గా ఆ పనే. ‘మామూలు’ ఎలా ఉంటుందో నేర్చుకుని, దానికి తేడా వస్తే అరుస్తుంది.

అది లేకపోతే ఏమవుతుందో మన ఊళ్లోనే చూశాం. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంక్ నుంచి రూ.12 కోట్లకు పైగా కొట్టేశారు. పోలీసులు చెప్పిన ప్రకారం, అంతకు రెండు నెలల ముందే బ్యాంకు సిబ్బందికి ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయి. వాటిని తెరవడంతో హ్యాకర్లు లోపలికి దూరారు. వారాల తరబడి నక్కి ఉండి, ఓ రోజు కొన్ని ఖాతాల్లోకి కోట్లు నింపి, అక్కణ్నుంచి దేశమంతా వందల ఖాతాలకు చల్లేశారు. నిన్నటిదాకా వేలల్లో నడిచిన ఖాతాలోకి ఒక్కసారిగా కోట్లు రావడం, అవి నిమిషాల్లో ముక్కలైపోవడం... ఇలాంటి తేడాల్ని పట్టడంలో మెషీన్‌కి అలుపు లేదు. కానీ ఆ కేసులో మామూలు రక్షణ ఏర్పాట్లే సరిగ్గా లేవని కూడా పోలీసులు చెప్పారు. గొళ్లెం పెట్టని ఇంటికి ఎంత తెలివైన వాచ్‌మన్‌ని పెట్టినా ఏం లాభం?

ఆ రాత్రి మూడింటికి

ఈ ‘మామూలు’ అనే మాట దగ్గరే నాకో పెద్ద ప్రశ్న మొదలైంది. మామూలంటే ఏంటో ఏఐకి ఎవరు చెప్పాలి?

సంక్రాంతి వారంలో మా స్క్రీన్ మొత్తం ఎర్రగా ఉంటుంది. సగం కంపెనీ ఊళ్లకి వెళ్తుంది కదా. భీమవరం నుంచి ఒకరు, కరీంనగర్ నుంచి ఒకరు, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఇంకొకరు. టూల్ దృష్టిలో అందరూ అనుమానితులే. మొన్న భోగి రోజు తెల్లవారుజామున మూడింటికి ఆ ఎరుపు మధ్యలో ఒక పచ్చ లైను కనిపించింది. పేరోల్ చూసే ఆవిడ లాగిన్. పాస్‌వర్డ్ కరెక్ట్. ఊరు హైదరాబాద్. నెలాఖరు కాబట్టి కాదు గానీ, ఆవిడకి రాత్రుళ్లు పనిచేసే అలవాటుంది. ఏఐ ‘రిస్క్ తక్కువ’ అని రాసింది.

నా పక్క సీట్లో కోనసీమ అమ్మాయి ఉంటుంది. అది చూసి కుర్చీ ముందుకు జరుపుకుంది. “అదేంటండీ, ఆవిడ భోగికి అమలాపురం వెళ్లారు కదా. హైదరాబాద్‌లో ఎలా ఉంటారు?”

ఫోన్ చేశాం. భోగి కాబట్టి ఆ టైంకే లేచి ఉన్నారు. వెనకాల మంట చుట్టూ పిల్లల గోల. “ల్యాప్‌టాప్ రూంలోనే వదిలేసి వచ్చానండీ, నేను లాగిన్ అవడమేంటి?” అన్నారు. ముందు రోజు సాయంత్రం ‘ఐటీ హెల్ప్‌డెస్క్’ నుంచంటూ ఫోన్ వచ్చిందట. చక్కటి తెలుగు, మర్యాదైన గొంతు. వచ్చిన కోడ్ చెప్పమంటే చెప్పారు. ఆ గొంతు మనిషిదో మెషీన్‌దో ఇప్పటికీ తేలలేదు. ఒకప్పుడు దొంగ మెయిల్‌ని తప్పుల ఇంగ్లిష్ చూసి పట్టేసేవాళ్లం. ఇప్పుడు వాళ్ల దగ్గరా ఏఐ ఉంది. తప్పులుండవు. 2024లో బయటపడిన హాంకాంగ్ కేసులో ఓ ఉద్యోగి వీడియో కాల్‌లో తన పైవాళ్లని చూశాననుకుని 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు. అవన్నీ డీప్‌ఫేక్ ముఖాలే.

మా దొంగ కూడా తెలివిగా హైదరాబాద్ ఇంటర్నెట్ అడ్రస్ వెనక దాక్కున్నాడు. మెషీన్‌కి ‘మామూలు’గా కనపడాలని. జీతాలు పడే బ్యాంకు ఖాతాల నంబర్లు మార్చే పనిలో ఉన్నాడు. అందులో మా హౌస్‌కీపింగ్ అక్కల జీతాలూ ఉన్నాయి. అకౌంట్ లాక్ చేశాం. అక్కణ్నుంచి మళ్లీ ఏఐ అందుకుంది. ఆ అకౌంట్ ఏయే ఫైళ్లు ముట్టుకుంది, ఎవరికి మెయిళ్లు పంపింది అనేది నిమిషంలోపు ముందు పెట్టింది. మేం వెతికితే సగం రాత్రి పట్టేది. ఇలాంటివి తెలిసిన ఆరు గంటల్లోగా సర్ట్-ఇన్‌కి చెప్పాలని 2022 నుంచి రూలుంది. ఆ రిపోర్టు కూడా టైంకి వెళ్లింది.

ఇప్పుడు టూల్‌కి లీవు రికార్డులు కలిపారు. వచ్చే భోగికి దానికీ తెలుస్తుంది. అప్పటికి దానికి తెలియనిది ఇంకేదో ఉంటుంది.

తాళాలు ఎవరి చేతిలో?

అడగడం మానేసి, అనుమానం వస్తే అదే లాక్ చేసేలా పెట్టొచ్చుగా అని మీటింగ్‌లో తరచూ వస్తుంది. కొన్నిచోట్ల పెట్టాం కూడా. అన్నిచోట్లా అంటే నాకు 2024 జులై 19 గుర్తొస్తుంది. ఆ రోజు హ్యాకర్ ఎవరూ లేరు. కంపెనీల్ని కాపాడే క్రౌడ్‌స్ట్రైక్ సాఫ్ట్‌వేర్‌కి ఒక తప్పు అప్‌డేట్ వచ్చింది. అంతే, సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి. మన హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో మీరూ చూసే ఉంటారు. అది ఏఐ తప్పు కాదు. కానీ కాపలాదారు చేతికి అన్ని తాళాలూ ఇస్తే, వాడు తూలిపడ్డ రోజు ఇల్లంతా మూతపడుతుంది.

మరి మేం ఎక్కడ నేర్చుకోవాలె?

ఆదివారం సాయంత్రం ఎన్‌సీసీ గేటు దగ్గర చాయ్ తాగుతుంటే జూనియర్లు కలుస్తారు. అందరిదీ ఒకటే ప్రశ్న. “అన్నా, ఏఐ వచ్చినంక ఎల్1 జాబులు ఉంటయా?” ఎల్1 అంటే నేను చేరిన మెట్టు. ఉత్త అలర్టులు వడపోసే మెట్టు. ఉంటాయిరా అని గట్టిగా చెప్పలేకపోతున్నా. తగ్గుతున్నాయి, కళ్లముందే. అవకాశాలు లేవని కాదు. 2025లో గూగుల్ తన సేఫ్టీ ఇంజినీరింగ్ సెంటర్‌ని ఈ ఊళ్లోనే తెరిచింది. కానీ అక్కడికి ఎక్కే నిచ్చెనలో మొదటి మెట్టే ఊగుతోంది.

ఒకడు మాత్రం వేరే ప్రశ్న అడిగాడు. “సరే అన్నా, ఉత్త అలర్టులు మెషీన్ చూస్తది. మరి అసలు దొంగెట్లుంటడో మేం ఎక్కడ నేర్చుకోవాలె?”

దానికి నా దగ్గర జవాబు లేదు. కోనసీమ అమ్మాయికి ఆ అనుమానం ఊరికే రాలేదు. రెండేళ్లు ఉత్త అలర్టులు చూసీ చూసీ ఆ కన్ను వచ్చింది. ఎవరు ఎప్పుడు లీవు పెడతారు, ఎవరికి ఏ అలవాటు అన్నది కూడా ఆ విసుగు పనిలోనే తెలిసింది. ఆ విసుగు మొత్తం ఏఐకి అప్పజెప్పేస్తే, ఐదేళ్ల తర్వాత ఏఐ రాసింది తప్పని చెప్పేవాళ్లు ఎవరుంటారు?

వచ్చే నెల మా టీంలోకి ఇద్దరు ఫ్రెషర్లు వస్తున్నారు. మా మేనేజర్‌ని ఒకటి అడిగాను. మొదటి నెల వాళ్ల స్క్రీన్ మీద ఏఐ రాసిన ఆ నాలుగు లైన్లు దాచేద్దాం. ముందు వాళ్లు తేల్చాలి, ఆ తర్వాతే మెషీన్ ఏమందో చూడాలి. పని నెమ్మదిస్తుందని ఆయన కాసేపు నసిగారు. చివరికి రెండు వారాలకి ఒప్పుకున్నారు.

రెండు వారాలు చాలవు. కానీ మొదలుపెడుతున్నాం.